సాక్ష్యం చెప్పమంటే సంఘమంతా తలలు దించుకుంటోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక_యవనస్థులు

అందరికీ వందనాలు. మాది గాజువాక దగ్గర మధ్యతరహా సంఘం. ఆదివారం 150 మంది దాకా వస్తారు, ఎక్కువగా ప్లాంటు, షిప్‌యార్డు, ఫార్మా ఉద్యోగస్థుల కుటుంబాలు. "సువార్త చెప్పండి, యేసు మీకేం చేశాడో బయటివాళ్లకు సాక్ష్యమివ్వండి" అని పుల్పిట్ మీంచి చెప్తూనే ఉంటాం. ఆమేన్ అంటారు, సోమవారం ఎవరూ నోరు విప్పరు. ఈసారి ప్రసంగం మానేసి శిక్షణ పెడదామనుకుంటున్నాం: ఆరు ఆదివారాలు, ఆరాధన అయ్యాక గంటసేపు. షిఫ్టుల వల్ల అందరూ అన్ని వారాలూ రాలేరు. మొదట ఏం నేర్పాలి? కరపత్రాలు వేయించాలా వద్దా? కేసుల మాటెత్తితే జనం భయపడుతున్నారు, చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది? "ప్రార్థన చేయండి" అని మాత్రం రాయకండి, అది చేస్తున్నాం.

పెదవాల్తేరు_తెలుగుమాస్టారు

బ్రదర్, మీవాళ్లకు ధైర్యం లేదని అనుకోకండి. కొత్త బిర్యానీ హోటల్ గురించీ, పిల్లాడి కోచింగ్ గురించీ ఎవరూ అడక్కుండానే చెప్తారు కదా. దేవుడి గురించి మాట్లాడాలంటే మాత్రం వాళ్లకు చర్చి తెలుగు ఒక్కటే వచ్చు. ఆ తెలుగు గేటు దాటితే ఎవరికీ అర్థం కాదు. ఆ సంగతి వాళ్లకూ లోపల తెలుసు, అందుకే నోరు రాదు.

"ప్రభువు కృపను బట్టి రక్షణ పొందాను, విడుదల దొరికింది, కూడికలో వాక్యం వింటున్నాను" అన్నారనుకోండి. మన ఊళ్లో రక్షణ అంటే నేవీ. విడుదల అంటే జగదాంబలో శుక్రవారం సినిమా. కూడిక ఒకటో తరగతి లెక్క, వాక్యం కర్త కర్మ క్రియ, సాక్ష్యం కోర్టు బోను. ఇక "పాపం" సంగతి మరీ విచిత్రం. మామూలు తెలుగులో అది జాలి మాట, "అయ్యో పాపం" అంటాం. "పాపి" అంటే తిట్టు. మీరు ఏ ఉద్దేశంతో అన్నా ఎదుటివాడికి ఆ రెండిట్లో ఒకటే వినిపిస్తుంది.

కాబట్టి మొదటి పాఠం మాటలే. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు తను ఎందుకు నమ్ముతున్నారో చెప్తారు, రెండోవారు బైబిల్ ముట్టని పక్కింటాయనలా వింటూ, అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా బల్ల మీద తట్టాలి. మొదటి రౌండులో బల్ల ఆగకుండా మోగుతుంది. ఆ మాటలన్నీ బోర్డు మీద రాసి మామూలు తెలుగు వెతకండి. "రక్షణ పొందాను" బదులు "యేసు నన్ను క్షమించాడని నమ్మాను". "పాపంలో ఉండేవాణ్ణి" బదులు జరిగిందే చెప్పాలి: "కోపం వస్తే ఇంట్లో పళ్లెం విసిరేసేవాణ్ణి, మానాలనుకున్నా మానలేకపోయాను". క్రైస్తవులు కానివాళ్లను "అన్యులు" అనే మాట మాత్రం పూర్తిగా తీసేయండి. దానికి బదులు మాటే వద్దు, మనిషి పేరు పెట్టి పిలవండి.

ఇది కొత్త సంగతేం కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ మన విశాఖపట్నంలోనే దిగి, ముందు తెలుగు మీదే పడ్డారు. తెలుగు తెలిసిన ఆనందరాయర్ సాయం లేకపోతే బైబిల్ అనువాదం కదిలేది కాదు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సిరాంపూరులో అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు పట్టుకోవాలని అంత తపించిన వీధి తెలుగును మనం పుట్టి పెరిగి పక్కన పెట్టేశాం.

రెండో పాఠం మూడు నిమిషాల సాక్ష్యం. నమూనా అపొస్తలుల కార్యములు 26లో ఉంది. అగ్రిప్ప రాజు ముందు పౌలు చెప్పింది మూడు ముక్కలే: అంతకుముందు తనేంటి, దమస్కు దారిలో యేసు ఎదురైనప్పుడు ఏమైంది, ఆ తర్వాత ఏం మారింది. మొదటిదానికి 40 సెకన్లు, మిగతా రెంటికీ చెరో నిమిషం, చివరి 20 సెకన్లలో ఒక ప్రశ్న: "మీకెప్పుడైనా ఇలా అనిపించిందా?" నోటుపుస్తకంలో ఒకటిన్నర పేజీ వస్తుంది. రాయించి, ఫోన్లో రికార్డు చేయించి, వాళ్ల గొంతు వాళ్లకే వినిపించండి.

చెడేది దాదాపు ఎప్పుడూ మొదటి ముక్క దగ్గరే. పాత జీవితం ఎనిమిది నిమిషాలు సాగుతుంది, తాగుడు, అప్పులు కాస్త ఉప్పూకారం పట్టిస్తారు, యేసు సంగతికి వచ్చేసరికి బస్సు వచ్చేస్తుంది. రెండోది, సాక్ష్యం కాస్తా చివర్లో ప్రసంగమైపోవడం. "నేను" అన్న మాట "మీరు"గా మారిన చోట ఆపేయమనండి.

"తాతల కాలం నుంచీ క్రైస్తవులమే, నాకు సాక్ష్యం ఏముంది?" అనేవాళ్లు మీ సంఘంలో సగం మంది ఉంటారు. పౌలు శిష్యుడు తిమోతికి కూడా అవ్వ లోయి, తల్లి యునీకే నుంచి వచ్చిన విశ్వాసమే. ఇలాంటివాళ్లు లేని దమస్కును కల్పించుకోకూడదు. గత ఏడాదిలో జరిగిన ఒక్క సంగతి చాలు: ఆపరేషన్ ముందు రాత్రి భయం ఎలా తగ్గింది, అన్నదమ్ముల గొడవలో ఎందుకు ముందుగా ఫోన్ చేశారు, అలాంటిది.

మూడో పాఠం వినడం. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు, రథంలో లేఖనం చదువుకుంటున్న అధికారి దగ్గరికి వెళ్లి ముందు ప్రశ్న అడిగాడు, తర్వాతే నోరు విప్పాడు. ఆసక్తి ఉన్నవాళ్లకు మార్కు సువార్త ఇవ్వండి. 16 అధ్యాయాలు, రోజుకొకటి. గ్రాంథికం కాకుండా వాడుక భాష అనువాదం, లేదా ఫోన్లో ఆడియో. మొత్తం బైబిల్ చేతికిస్తే ఆదికాండం నుంచి మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర అటక ఎక్కిస్తారు.

షిఫ్టులున్నాయి కాబట్టి ఆరు పాఠాలు వద్దు. మూడు పాఠాలే, ఒక్కోటి రెండేసి ఆదివారాలు. ఈ వారం తప్పినవాడు వచ్చే వారం అందుకుంటాడు.

కంచరపాలెం_కరపత్రం

మాస్టారి మాట బాగానే ఉంది గానీ, కరపత్రాల ఊసే ఎత్తలేదేటండీ? కొత్త మనిషితో మాట కలపడం కొందరికి చచ్చినా రాదు. అలాంటివాళ్ల చేతిలో ఒక కాగితముంటే కాస్త ఆసరా. తప్పు కాగితంలో లేదు, మనం వేయించే తీరులో ఉంది.

మడత పెట్టిన నాలుగు పేజీలు మించకూడదు. అక్షరం 12 పాయింట్లకు తగ్గితే కళ్లజోడు మర్చిపోయిన పెద్దాయన చదవలేడు. ముఖచిత్రం మీద మంటలు, నరకం వేయిస్తే విప్పకుండానే పారేస్తారు. ఒక్క సంగతే రాయండి. వెనక మీ సంఘం పేరు, చిరునామా, అచ్చువేసినవారి పేరు, ఎత్తే మనిషి ఉన్న ఫోన్ నంబరు ఉండాలి. ఆ ఫోన్ ఎవరి దగ్గర, ఏ గంటల్లో ఉంటుందో తేలకుండా అచ్చుకు ఇవ్వకండి.

మొదటిసారి 200 చాలు, వేలల్లో వద్దు. గుట్ట ఉంటే వదిలించుకోవాలనే చూస్తారు, ఆటోలో విసిరేస్తారు, బైకు హ్యాండిల్‌కు గుచ్చుతారు. ఇద్దరిద్దరుగా వెళ్లి, దారికి అడ్డం కాకుండా పక్కన నిలబడాలి. "ఇది యేసు గురించి, చదువుతారా?" అని ఒక్క మాట అని, చెయ్యి చాపితేనే ఇవ్వాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ లోపలైతే అధికారుల అనుమతి కావాలి. వచ్చేముందు కింద పడ్డవన్నీ ఏరుకుని రండి. మీ సంఘం పేరున్న కాగితం కాళ్ల కింద నలిగితే అదీ ప్రచారమే మరి.

కేజీహెచ్ ఆసుపత్రి వార్డుల్లో మాత్రం కాగితం బయటికి తీయొద్దు. సెలైన్ ఎక్కుతున్న మనిషి వద్దనలేడు, లేచి పోలేడు. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లండి, తోడున్నవాళ్లకు టిఫిన్ తెచ్చిపెట్టండి. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే మెల్లగా రెండు నిమిషాలు, పక్క మంచానికి వినిపించకుండా.

మహారాణిపేట_ప్లీడరు

చట్టం సంగతి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇస్తుంది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం దానికి హద్దులు. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: నీ నమ్మకాన్ని వివరించడం హక్కు, ఎదుటివాణ్ణి మార్చడం హక్కు కాదు. మీ శిక్షణలో ఈ తేడా గట్టిగా చెప్పండి. మతమార్పిడి మీద ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక చట్టం లేదు. ఒడిశాలో 1967 నుంచి ఉంది. అరకు దాటి కోరాపుట్ వైపు టీములు పంపే సంఘాలు రాష్ట్రం మారితే చట్టం మారుతుందని మర్చిపోతుంటాయి.

నోటిఫై చేసిన ఆలయ ప్రాంతాల్లో అన్యమత ప్రచారం మీద మన రాష్ట్రంలో 2007 నుంచి నిషేధం ఉంది. సింహాచలం కొండ మీద, మెట్ల దారిలో వద్దు. ఆషాఢంలో 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు లక్షల్లో జనం నడుస్తారు. మంచినీళ్లు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, గ్లాసు మీద బైబిల్ వచనం అంటించకండి. చట్టం సంగతి అటుంచినా, ఒకరి మొక్కు దారిలో అడ్డుపడటం మర్యాద కాదు. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర రద్దీ ఎక్కువ. క్రిస్మస్ క్యారల్స్ రోజులూ అవే. రూటు వేసేటప్పుడు క్యాలెండరు చూసుకోండి.

వేరే మతాన్ని కించపరిచే మాటలకు భారతీయ న్యాయ సంహిత 299, 302 సెక్షన్లున్నాయి. "మీ దేవుళ్లు రాళ్లు" అన్న ఒక్క మాట ఫోన్లో రికార్డయితే చాలు. మైకుకు పోలీసు అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఎటూ కుదరదు. "క్యాన్సర్, షుగర్, పక్షవాతం నయమగును" అని పోస్టరు వేస్తే 1954 నాటి అద్భుత నివారణల ప్రకటనల చట్టం కింద చిక్కొచ్చే వీలుంది. మందులు మానేయమని ఎవరూ అనకూడదు. 18 నిండని పిల్లలతో తల్లిదండ్రులకు తెలియకుండా ఈ సంగతులు వద్దు.

ఎక్కువ గొడవలు పుట్టేది సాయం దగ్గర. హుద్‌హుద్ లాంటి తుపాను వచ్చినప్పుడు బియ్యం సంచిలో కరపత్రం పెడితే అది ప్రలోభంగానే కనిపిస్తుంది, నిజానికి అంతే కూడా. సాయం చేయడానికి వెళ్లిన రోజు పుస్తకం ఇంట్లోనే ఉండాలి.

ఇంకొకటి, సంఘాలు దాటవేసే విషయం. ఎస్సీ కుటుంబంలోని మనిషి బాప్తిస్మం గురించి అడిగితే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి ఎస్సీ హోదా ఉండదనీ, మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో ఒక విభాగం) కిందికి వస్తారనీ ముందే చెప్పాలి. ఎస్టీలకు ఆ షరతు లేదు. ఇది దాచిపెట్టి నీళ్లలో ముంచడం మోసమని నా అభిప్రాయం. "సర్టిఫికెట్ పాతదే ఉంచుకో, ఎవరికీ తెలియదు" అని సలహా ఇచ్చేవాళ్లు ఆ మనిషికి విశ్వాసంతో పాటు అబద్ధం కూడా నేర్పుతున్నారు.

గాజువాక_యవనస్థులు

చాలా ఉపయోగం. మహిళల నుంచి ఒక ప్రశ్న వచ్చింది. పక్కింటివాళ్లు ప్రసాదం తెస్తారు, పేరంటానికి పిలుస్తారు. కాదంటే మాటలుండవు, ఇక సువార్త ఎక్కడ?

ఎంవీపీ_అక్క

తమ్ముడూ, ప్రసాదం మీద సంఘాల్లో రెండు పద్ధతులున్నాయి. బైబిల్లో 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు చదివి మీ పాస్టరుగారు ఏది నేర్పితే అది. కానీ గుమ్మంలో ఆలోచించుకోవద్దు, ముందే తేల్చుకోవాలి. తీసుకోని పద్ధతైతే నవ్వుతూ, తలుపు పూర్తిగా తీసి, "వదినా, మేం ఇది తీసుకోం, ఏమీ అనుకోవద్దు. రా, కాఫీ తాగి వెళ్దువుగాని" అని లోపలికి పిలవాలి. మొదటిసారే చెప్పేస్తే ఒక్క నిమిషం ఇబ్బంది. అందరూ చేసే తప్పు ఏంటంటే, మొహమాటానికి తీసుకుని డస్ట్‌బిన్‌లో వేస్తారు. పనమ్మాయి చూస్తుంది, సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. ఆ తర్వాత పదేళ్లు సువార్త చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు.

పేరంటానికి వెళ్లి కూర్చోవచ్చు, బొట్టు దగ్గర "నాకు వద్దు వదినా" అంటే చాలు, కారణాల మీద ఉపన్యాసం అక్కర్లేదు. వాళ్లింట్లో పెళ్లికి వంకాయలు తరిగిపెట్టిన మనిషి డిసెంబరులో పిలిస్తే తప్పకుండా వస్తారు.

సెమీ క్రిస్మస్, అంటే పండగకు ముందు పెట్టే కూడిక గురించి కూడా. పక్కింటివాళ్లను పిలిచి మూడు గంటలు కూర్చోబెట్టకండి. మొత్తం గంటా పది నిమిషాలు, పాటలు మూడు, సందేశం 12 నిమిషాలు, ఆ తర్వాత భోజనం. ప్రసంగీకుడికి ముందే చెప్పండి, "ఈ రోజు రక్షణ పొందాలనుకునేవారు చేతులెత్తండి" అని అడగొద్దని. భోజనానికొచ్చినవాళ్లను అందరి ముందూ ఇరుకున పెట్టినట్టవుతుంది.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచనాలు ఫార్వర్డ్ చేయడం మాన్పించండి. లిఫ్టు రిపేరు, నీళ్ల ట్యాంకరు సంగతుల మధ్య అది ఎవరూ చదవరు, గొడవ మాత్రం వస్తుంది.

గాజువాక_యవనస్థులు

చివరిగా ఒకటి. వాళ్లడిగిన ప్రశ్నకు మనవాడికి జవాబు తెలియకపోతే? అసలు భయం ఇదేనంటున్నారు.

పెదవాల్తేరు_తెలుగుమాస్టారు

"తెలియదు, కనుక్కుని చెప్తాను" అనడం కూడా ప్రాక్టీసు చేయించండి, గట్టిగా, నలుగురి ముందు. వినడానికి తేలిక గానీ నోటికి రాదు. అక్కడికక్కడ ఏదో కల్పించి చెప్పేస్తారు. ప్రశ్నను వాళ్ల మాటల్లోనే ఫోన్లో రాసుకోమనండి, తేదీతో సహా. వారం లోపల మళ్లీ వెళ్లాలి. చాలామంది తప్పేది అక్కడే. జవాబు దొరకలేదని మొహం చాటేస్తారు. దొరక్కపోయినా వెళ్లి "అడిగాను, ఇంకా తేలలేదు" అని చెప్పి ఓ టీ తాగి రమ్మనండి. మూడో పాఠం రెండో ఆదివారం చివరి పావుగంట దీనికే ఉంచండి, ఆ ప్రశ్నలన్నీ బోర్డు మీదకి వస్తే మీ పాస్టరుగారికి వచ్చే రెండు నెలల ప్రసంగాలకు అంశాలు దొరికినట్టే.