ఉప్పునీటి ట్యాంకులో నత్తలు పోతున్నాయి: మన ఎండకా, ఆకలికా?

హన్మకొండ ట్యాంకు:
అందరికీ నమస్తే. నాది 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు. రెండు క్లౌన్ ఫిష్‌లు, లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి), కొన్ని మెత్తటి కోరల్స్ ఉన్నాయి. సంక్రాంతి తర్వాత అద్దాలకు పాకురు బాగా పట్టిందని 20 టర్బో నత్తలు తెప్పించాను. పది లీటర్లకు ఒకటి వేసుకోమని షాపాయన చెప్పాడు. నెల తిరక్కుండానే అద్దాలు తళతళలాడాయి. ఉగాది దాటాక ఒక్కొక్కటే పోవడం మొదలైంది. ఇప్పటికి 11 పోయాయి. ఉప్పునీటి సాంద్రత 1.025, అమ్మోనియా సున్నా, నైట్రేట్ 5. మధ్యాహ్నం నీళ్లు 29, ఒక్కోరోజు 30 డిగ్రీలు. "వరంగల్‌లో సముద్రపు జీవాలు ఎట్ల బతుకుతయి, మానెయ్" అంటున్నాడు మా తమ్ముడు. నాకు మనసొప్పడం లేదు. నిజంగా ఎండేనా?

కాజీపేట రీఫ్:
ఎండే అన్నా. టర్బో పేరుతో ఎక్కువగా అమ్మేది మెక్సికన్ టర్బో. దాని సొంతూరు కాలిఫోర్నియా సింధుశాఖ, చలికాలంలో బాగా చల్లబడే నీళ్లకు అలవాటు పడ్డ ప్రాణం. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, నత్తకేమో ఇంకా ఎక్కువ కావాల్సి వస్తుంది. రెండు వేసవులు నేను కళ్లారా చూశాను. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే నేల మనది. నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనలేనప్పుడు నత్తల జోలికి పోకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం.

కరీంనగర్ కోరల్:
నేను ఒప్పుకోను. నాకూ చిల్లర్ లేదు, మేలో 30 తగులుతుంది. నా ట్రోకస్ నత్తలకు నాలుగేళ్లు, పిల్లలు కూడా పెట్టాయి. హన్మకొండ అన్నా, జవాబు మీ పోస్టులోనే ఉంది. అద్దాలు తళతళలాడాయి అన్నారు. అంటే ఆ రోజే వాటి గిన్నె ఖాళీ అయింది. 200 లీటర్లకు 20 చాలా ఎక్కువ, ఆరేడు వేస్తే సరిపోయేది. నత్త ఆకలితో ఒక్కరోజులో చావదు. వారాల తరబడి నీరసించి, పట్టు వదిలి కింద పడుతుంది. మనం నీళ్లు టెస్ట్ చేసి అన్నీ బాగున్నాయనుకుంటాం.

కాజీపేట రీఫ్:
మరి తిండి పెడితే నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగి మళ్లీ పాకురే కదా? పాకురు తినడానికి తెచ్చిన నత్తకు విడిగా మేత వేయాల్సి వస్తే దాన్ని తేవడం ఎందుకు?

మంచిర్యాల టీచరమ్మ:
దుక్కి అయిపోయిందని ఎద్దుకు గడ్డి వేయడం మానేస్తామా తమ్మీ? తెచ్చుకున్నాక అది మన ఇంటి ప్రాణం. నేను వారానికి రెండుసార్లు లైట్లు ఆరాక, సూషీకి వాడే నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు), ఉప్పూ మసాలా లేనిది, రెండు వేళ్లంత ముక్క రాయికి రబ్బర్ బ్యాండుతో కడతాను. మిగిలింది పొద్దున్నే తీసేస్తాను. నైట్రేట్ పెరగలేదు.

ఇంకో రెండు సంగతులు. టర్బో అని ఇచ్చేవాటిలో ఆస్ట్రేయా (Astraea) అనే రకం నత్తలు కలుస్తాయి. గుల్ల కోసుగా, పిరమిడ్‌లా ఉంటుంది. ఇసుకలో వెల్లకిలా పడితే అది తనంతట తాను లేవలేదు, మనమే తిప్పాలి. ట్రోకస్ అయితే తిరుగుతుంది. రెండోది, తెల్లమచ్చల రోగానికి ఎప్పుడైనా ట్యాంకులోనే రాగి మందు వేశారా? చేపను బతికించే ఆ మోతాదే నత్తను చంపుతుంది. రాళ్లు, ఇసుక ఆ రాగిని పీల్చుకుని తర్వాత కూడా వదులుతాయి.

హన్మకొండ ట్యాంకు:
రాగి ఎప్పుడూ వేయలేదు అక్కా. రాత్రి పదకొండుకు టార్చ్ వేసి చూశాను. మొదట్లో అద్దం నిండా నత్త నాలుకతో గీరిన జిగ్‌జాగ్ గీతలు కనిపించేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు, గీరడానికి ఏమీ లేక. ఒకటి ఇసుకలో వెల్లకిలా పడి, పాదం సగం బయటికి చాచి గాలిలో దేవులాడినట్టు ఊపుతోంది. చచ్చిందనుకుని తీసేసేవాణ్ణేమో. తిప్పి పెట్టి పక్కనే నోరి కట్టాను. గంటన్నర కదల్లేదు. తర్వాత మెల్లగా ఎక్కి, పొద్దుటికి అంచంతా కొరికేసింది. చూస్తుంటే కళ్లు చెమర్చాయి. మిగిలిన తొమ్మిదిలో నాలుగింటిని పాకురున్న ట్యాంకుకు ఇచ్చేస్తా. కరీంనగర్ అన్నా, తీసుకుంటారా?

కరీంనగర్ కోరల్:
తప్పకుండా తీసుకుంటా. తడి గుడ్డలో కాదు, ట్యాంకు నీళ్లలోనే తీసుకురండి. గంటన్నర చుక్కచుక్కగా నా నీళ్లు కలుపుతా. ఉప్పు ఒక్కసారిగా మారితే నత్త తట్టుకోలేదు.

కాజీపేట రీఫ్:
ఆకలి సంగతి ఒప్పుకుంటున్నా, ఎండ మాట మాత్రం వెనక్కి తీసుకోను. మిగిలిన ఐదింటి కోసం ఇవాళే నీటి మీదికి టేబుల్ ఫ్యాన్ పెట్టు అన్నా. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రెండు డిగ్రీలైనా దిగుతుంది. కానీ నీళ్లు తొందరగా ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. తగ్గిన మేరకు రోజూ ఉత్త ఆర్వో నీళ్లే పోయి, ఉప్పునీళ్లు వద్దు. కరెంటు పోతే వాడటానికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకో.

హన్మకొండ ట్యాంకు:
ఫ్యాన్ పెట్టాను. సాయంత్రం నాలుగు గంటలకు 27.5 డిగ్రీలు చూపించింది.