ఇంట్లో ఈవీ చార్జింగ్: 15 ఆంప్స్ సాకెట్ చాలా, 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ పెట్టించాల్నా? (హన్మకొండ)

గోపాల్‌పూర్_జీప్లస్‌వన్:
అందరికీ నమస్తే. హన్మకొండ గోపాల్‌పూర్‌ల మాది జీ ప్లస్ వన్. కింద పార్కింగ్, రెండు మీటర్లూ గేటు పక్క గోడకే ఉన్నయి. బోర్డు నుంచి కారు ఆగే జాగకు ఇరవై మీటర్ల దాకా ఉంటది. బండి టియాగో ఈవీ, 24 కిలోవాట్ అవర్ బ్యాటరీది. 15 ఆంప్స్ సాకెట్ సరిపోతదా, వాల్ బాక్స్ పెట్టించాల్నా? లోడు, వైరు సంగతి తెలిసినోళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్:
సాకెట్ చాలన్నా. రాత్రి అన్నం తిని పెట్టు, తెల్లారేసరికి ఫుల్. బాక్స్ అనేది షోరూమోళ్ల బేరం. నేను సాకెట్ మీదనే నడిపిస్తున్న, ఏ లొల్లీ లేదు.

సిక్స్_ఎంఎం:
గోడకు పెట్టే ఆ డబ్బా అసలు చార్జరే కాదు. ఏసీని డీసీ చేసే చార్జర్ కారులోనే ఉంటుంది. టియాగోలో 3.3 కిలోవాట్లది ఉంది, 7.2ది ఉంది. మీ బండి 3.3ది అయితే గోడకు ఎంత పెద్ద డబ్బా తగిలించినా తీసుకునేది 3.3 మాత్రమే. ముందు ఇన్వాయిస్‌లో వేరియంట్ చూడండి.

7.2 అయితే ఒక్క ఫేజ్ మీదే 32 ఆంప్స్ పడుతుంది. ఇంటికి త్రీ ఫేజ్ ఉన్నా ఈ కారు ఒక్క ఫేజ్ నుంచే లాగుతుంది. అదే ఫేజ్ మీద ఏసీ, గీజర్ ఉంటే మెయిన్ పడిపోతుంది. 6 ఎంఎం కాపర్ వైరు, 40 ఆంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి.

3.3 అయినా గోడమీది మామూలు ప్లగ్గు వద్దు. గీజర్ అరగంటలో ఆగిపోతుంది. కారు ఎనిమిది గంటలు ఆపకుండా 15 ఆంప్స్ లాగుతుంది, పిన్ను దగ్గర కొంచెం లూజున్నా ప్లాస్టిక్ కరుగుతుంది. ఇండస్ట్రియల్ సాకెట్, 4 ఎంఎం వైరు, దానికే సొంతంగా ఎంసీబీ. వీటన్నిటికంటే ముందు విడిగా ఎర్త్ పిట్, అంటే లీకైన కరెంటు భూమిలోకి పోయేలా రాడ్డు దించిన గుంత.

హంటర్‌రోడ్_మనిషి:
సాకెట్ ఏదైనా ఛాతీ ఎత్తుల పెట్టు భయ్యా. 2023 జులై వానలకు మా దిక్కు పార్కింగులల్ల నీళ్లు ఎక్కడిదాక వచ్చినయో చూసినం గదా.

కాజీపేట_జంక్షన్:
ఎర్త్ పిట్, ఎర్త్ పిట్! ఈ ముచ్చట వినీ వినీ చెవులు పోయినయి. నాకు గూడ మొదట్ల ఎర్ర లైటు వచ్చింది, చార్జింగ్ ఎక్కలే. మా ఎలక్ట్రీషియన్ సాకెట్ ఇప్పి న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు చిన్న లూప్ కొట్టిండు. ఐదు నిమిషాల పని. అప్పటిసంది పచ్చ లైటే.

సిక్స్_ఎంఎం:
బాబూ, ఆ లూప్ ఈ రోజే తీయించు. ఇది చదివే మిగతావాళ్లెవరూ ఆ పని చేయకండి.

ఎర్ర లైటు వచ్చిందంటే ఎర్త్ సరిగా లేదని బండి మొత్తుకుంటోందన్నమాట. నువ్వు ఎర్త్ బాగు చేయలేదు, దాని నోరు మూశావు. గాలివానకు బయట న్యూట్రల్ తెగిందనుకో, ఆ లూప్ మీదుగా కరెంటు నేరుగా కారు బాడీకి వస్తుంది. టైర్లు రబ్బరువి కాబట్టి అది భూమిలోకి పోదు. తడి కాళ్లతో డోర్ పట్టుకున్న మనిషి గుండా పోతుంది. అక్కడ ఆర్‌సీసీబీని నమ్ముకోవడానికి కూడా లేదు.

కాజీపేట_జంక్షన్:
అంటే నేను ఇంట్లోళ్లను చంపుకుంటున్ననా? మాట జర చూసి మాట్లాడు.

కరీంనగర్_లెక్కలు:
మీరు వైరు దగ్గరే కొట్టుకుంటున్నరు, బిల్లు సంగతి ఎవరికీ పట్టలే. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే చార్జింగ్‌ల పోయేదానితో కలిపి 150 యూనిట్లు వేసుకోండి. ఇంటి వాడకం 180 అనుకుంటే ఇప్పటిదాకా మొదటి వందకు 3.40, మిగతా ఎనభైకి 4.80, మొత్తం 724 రూపాయలు. కారొచ్చి 330 అయితే స్లాబే మారుతది. మొదటి 200 యూనిట్లకే 5.10, తర్వాత వందకు 7.70, ఆపైన ముప్పైకి 9.00. మొత్తం 2060. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. కారు తాగిన యూనిట్ తొమ్మిది రూపాయల దగ్గర పడ్డది. గృహజ్యోతి జీరో బిల్లు ఉన్న మీటరైతే 200 దాటిన నెల అదీ పోతది.

అయినా పెట్రోలు కంటే చౌకనే, అది వేరే ముచ్చట. ఈవీకి స్లాబులు లేని కేటగిరీ ఉన్నది, విడిగా మీటరు తీసుకోవచ్చు. 2024ల కేంద్రం వినియోగదారుల హక్కుల రూల్స్ సవరించి, అడిగితే ఈవీకి వేరే కనెక్షన్ ఇయ్యాలె అన్నది.

నర్సంపేట_రైతు:
ఫ్రీ ఇన్‌స్టలేషన్ అన్నరు మాకు. తీరా వచ్చినంక ఇంత దూరం దాటిన వైరుకు మీటరుకింత అని చేతుల బిల్లు పెట్టిన్రు. షోరూమ్ పేరు చెప్ప, మీరు ముందే కాగితం మీద రాయించుకోండి.

సిక్స్_ఎంఎం:
గోపాల్‌పూర్ గారూ, రెండు మీటర్లన్నారు. ఏ మీటరు నుంచి తీస్తున్నారు? దాని మంజూరైన లోడు ఎంత?

గోపాల్‌పూర్_జీప్లస్‌వన్:
అక్కడనే వచ్చింది తిప్పలంత. పై మీటరు రెండు కిలోవాట్లది. కింది దాని మీద బోరు మోటరు, మా ఏసీ ఉన్నయి. అతనేమో కింది మీటరు నుంచి ఇయ్యమంటున్నడు, సబ్ మీటరు పెట్టుకుని లెక్క కట్టిస్త అంటున్నడు.

కాజీపేట_జంక్షన్:
అతనెవరు?

గోపాల్‌పూర్_జీప్లస్‌వన్:
పైన కిరాయికి ఉన్నోళ్లు. కారు వాళ్లది.

కాజీపేట_జంక్షన్:
గిది ముందు చెప్పవైతివి! ఇంటి ఓనరువా నువ్వు? పొద్దటిసంది కారు నీదేమో అనుకుని సలహాలిస్తున్న.

సిక్స్ ఎంఎం సారూ, లూప్ ఎందుకు కొట్టిచ్చిన్నో ఇప్పుడు విను. నేను కిరాయికి ఉంట. ఎర్త్ పిట్‌కు గుంత తవ్వుకుంట, రాడ్డు, కెమికల్ బ్యాగు, కూలీ అన్నీ నా పైసలే అన్న. మా ఓనరు టైల్స్ పోతయన్నడు. గేటు బయట తవ్వుత అంటే మున్సిపాలిటీ జాగ అన్నడు. లోడు పెంచుమంటే మీటరు నా పేరు మీద ఉన్నది, సంతకం పెట్ట అన్నడు. పదహారు లక్షల బండి కొని రోడ్డు మీద పెట్టుకోవాల్నా? నీకు సొంతిల్లు ఉన్నది కాబట్టి 6 ఎంఎం, పిట్టు అని పాఠాలు చెప్తున్నవ్.

సిక్స్_ఎంఎం:
నీ ఓనరు చేసింది తప్పే. దానివల్ల లూప్ ఒప్పు కాదు.

గోపాల్‌పూర్_జీప్లస్‌వన్:
ఓనర్లను తిట్టుడు సులువు. లోడు పెంచితే డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ నా మీటరు మీద పడ్తయి. నా యూనిట్లు స్లాబు దాటితే నా వాడకానికి గూడ రేటు పెరుగుతది, సబ్ మీటరు ఆ తేడా చూపియ్యదు. రేపు ఏమన్న కాలితే పోయేది నా ఇల్లు. వచ్చే ఏడు ఆయన ట్రాన్స్‌ఫర్ మీద పోతే గోడకు బొక్కలు నాకు మిగుల్తయి. ఈవీ నాకేం శత్రువు కాదు.

కరీంనగర్_లెక్కలు:
సబ్ మీటరు గురించి ఓనరు చెప్పింది కరెక్టే. అందుకే ఉమ్మడి మీటరు వద్దు. ఈవీకని కొత్త మీటరు కిరాయిదారు ఖర్చుతోని పెట్టించండి, ఓనరుగా మీరు ఒప్పుకుంటున్నట్టు కాగితం రాసియ్యండి. కింద 3.3 సాకెట్ చాలు, అదే బండి రోజూ నిండుతది.

సిక్స్_ఎంఎం:
ఇదీ బాగుంది. పిట్ మాత్రం మీ ఖర్చుతో వేయించండి. అది ఇంటికే ఉండిపోతుంది, మీ మోటరుకూ ఫ్రిజ్‌కూ పనికొస్తుంది. ఐదు ఓమ్స్ లోపు రావాలి, రీడింగ్ మీ ముందే కొలిపించండి.

గోపాల్‌పూర్_జీప్లస్‌వన్:
పిట్‌కు ఒప్పుకుంటున్న. గేటు పక్క మొక్కల జాగల టైల్స్ లేవు, అక్కడ తవ్విస్త. 7.2 మాత్రం కుదరదు. మీటరు ఖర్చు ఆయనదే.

కాజీపేట_జంక్షన్:
ఖర్చు ఆయనదే, సరే. ఖాళీ చేసిన్నాడు మీటరు డిపాజిట్ ఎవరికి వస్తది? ఇరవై మీటర్ల కాపర్ వైరు ఎవరు తీస్కపోతరు? గవి గూడ అగ్రిమెంట్‌ల రాపిస్తవా లేదా, ముందు గది చెప్పు.