ఆగస్టు వానల్లో గిటార్‌కి బ్రేసులు (పలకల లోపలి వైపు వేసే సన్నటి చెక్క బద్దలు) అతికించా, మార్చిలో బ్యాక్ పగిలింది. విప్పాలా, అలాగే అతికించొచ్చా?

ప్రొద్దుటూరు_తీగలు (బెంగళూరు):

అందరికీ నమస్తే. నేనుండేది బనశంకరి సైడు, ఊరు ప్రొద్దుటూరు. రెండేళ్ళుగా శని ఆదివారాలు కూర్చుని నా చేత్తో ఒక అకూస్టిక్ గిటార్ చేసుకున్నా. ఓఎం సైజు (మధ్యరకం బాడీ), స్కేలు (తీగ మోగే పొడుగు) 25.4 అంగుళాలు, టాప్ సిట్కా స్ప్రూస్ అనే తేలిక కర్ర, బ్యాక్, సైడ్స్ మన ఇండియన్ రోజ్‌వుడ్, నెక్ మహాగని. రోజ్‌వుడ్ కోసం మైసూర్ రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో ఎన్ని షాపులు తిరిగానో లెక్కలేదు, చివరికి ఒక పెద్దాయన దగ్గర బిల్లుతో సహా రెండు సెట్లకి సరిపడా పలకలు దొరికాయి. మా నాన్న వడ్రంగి, చిత్రిక పట్టడం నాకు ఆయనే నేర్పాడు. ఇక్కడికొచ్చినప్పుడు ఆ పలక మీద గోరుతో గీసి వాసన చూసి "ఇది జిట్రేగి రా, చేవ చూడు ఎట్లుందో" అన్నాడు. చిత్రిక పడుతుంటే ఊదా రంగు పొట్టు చుట్టలు చుట్టలుగా రావడం, గదంతా ఆ తియ్యటి వాసన, అదంతా ఇంకా కళ్ళ ముందే ఉంది, అందుకే ఇప్పుడు జరిగింది చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

విషయం ఏంటంటే పోయిన ఆగస్టులో, బయట వారం రోజులుగా వాన పడుతున్నప్పుడు, టాప్‌కీ బ్యాక్‌కీ బ్రేసులు అతికించా (టైట్‌బాండ్ అనే చెక్క బంక వాడా). అక్టోబర్లో బాక్స్ మూసేశా, డిసెంబర్లో స్ట్రింగ్స్ వేశా. సౌండ్ నిజంగా బాగుంది, బేస్ తీగ మీటితే ఛాతీకి తగిలేది. పోయిన వారం రాత్రి పదకొండింటికి స్టాండు మీద ఉన్న గిటార్ లోంచి టిక్ అని సౌండు వచ్చింది. ఫోన్ టార్చ్, చిన్న అద్దం పెట్టి లోపల చూస్తే బ్యాక్ మీద కింది అంచు నుంచి మొదలై బ్రేసు దాకా 11 సెంటీమీటర్ల పగులు. అంతకు ముందు నుంచే ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) చివర్లు చేతికి గుచ్చుకుంటున్నాయి, నేను పట్టించుకోలా. టాప్ కూడా సౌండ్‌హోల్ దగ్గర లోపలికి దిగినట్టుంది. 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ (ఫ్రెట్ మీద తీగ ఎత్తు) డిసెంబర్లో 2.6 మిల్లీమీటర్లు, ఇప్పుడు 1.7, ఆరో తీగ బజ్ కొడుతోంది.

టాప్ 2.8, బ్యాక్ 2.3 మిల్లీమీటర్ల మందం పెట్టా, మరీ పల్చన అయిపోయిందా? పగుల్లోకి సూపర్ గ్లూ పోసేయమని ఆఫీసులో ఒకాయన అంటున్నాడు, చేయొచ్చా? బ్యాక్ మొత్తం విప్పాలంటే మాత్రం నాకు ధైర్యం చాలట్లేదు.

హెచ్ఎస్ఆర్_చిత్రిక (బెంగళూరు):

బ్రో, ముందు ఆ సూపర్ గ్లూ పక్కన పెట్టు. అది పగులు తెరుచుకుని ఉన్నప్పుడే గట్టిపడిపోతుంది, రేపు చెక్క మళ్ళీ ఉబ్బినప్పుడు ఆ సందు మూసుకోడానికి వీలుండదు, పైగా పక్కన చెక్కలోకి ఇంకి మరక పడుతుంది, తర్వాత ఏ బంకా అక్కడ పట్టదు.

మందాల్లో తప్పేం లేదు, 2.8, 2.3 అనేవి స్టీల్ స్ట్రింగ్ గిటార్‌కి మామూలు కొలతలే. తప్పు ఆగస్టు దగ్గర ఉంది. చెక్క పొడుగు వైపు దాదాపు కదలదు, అడ్డం వైపు మాత్రం తేమ తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వానాకాలం బెంగళూరులో గాలిలో తేమ 75, 80 శాతం ఉంటుంది, మార్చి మధ్యాహ్నాలు 30కి దిగువకి కూడా పడిపోతుంది. లెక్క వేసి చూడు, 400 మిల్లీమీటర్ల వెడల్పున్న స్ప్రూస్ పలక 75 శాతం తేమలో సర్దుకుని ఉండి, 30 శాతంలో పూర్తిగా ఆరితే అడ్డంగా 4 మిల్లీమీటర్ల పైనే తగ్గుతుంది. నువ్వు ఉబ్బి ఉన్న పలకకి అడ్డంగా బ్రేసులు అతికించావు, ఆ బ్రేసుల గ్రెయిన్ (చెక్క చారలు) పలక గ్రెయిన్‌కి అడ్డంగా పోతుంది కాబట్టి అవి కుంచించుకోవు, పలకని కదలనివ్వవు. పలక ఏమో లోపలికి లాక్కుంటుంది. ముందు పైకి ఉండే వంపు చప్పబడిపోతుంది, నీ యాక్షన్ 1.7కి దిగింది అందుకే. ఆ తర్వాత ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. ఫ్రెట్లు గుచ్చుకోవడం కూడా అదే, ఫింగర్‌బోర్డ్ (ఫ్రెట్లు బిగించిన పలక) వెడల్పు తగ్గింది, లోహం తగ్గదు కదా.

ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకు. సమస్య నెక్‌లో లేదు, బాడీలో ఉంది.

ఒకటి చెప్పు, పగులు సరిగ్గా మధ్య అతుకు మీద ఉందా, పక్కన ఉందా? అతుకు మీదైతే బంక పట్టలేదని అర్థం, రోజ్‌వుడ్‌లో నూనె ఉంటుంది కాబట్టి అంచు అప్పటికప్పుడు చిత్రిక పట్టి వెంటనే అతికించాలి, రెండ్రోజులు వదిలేసిన అంచుకి బంక సరిగా పట్టదు.

ప్రొద్దుటూరు_తీగలు:

మధ్యలో కాదన్నా, అతుక్కి రెండు వేళ్ళు ఎడమ పక్కన. అతుకు గట్టిగానే ఉంది.

మైలాపూర్_పనసకర్ర (చెన్నై):

తమ్ముడూ, మాది బొబ్బిలి దగ్గర, ముప్పై ఏళ్ళుగా చెన్నైలో ఉంటున్నాను, వీణలు, గిటార్లు బాగుచేయడమే నా పని. భయపడకు, ఇలాంటి పగుళ్ళతో నా దగ్గరికి ప్రతి వేసవికీ గిటార్లు వస్తూనే ఉంటాయి, నూటికి తొంభై బ్యాక్ విప్పకుండానే బాగవుతాయి.

పగిలిన వెంటనే అతికించకు, ముందు చెక్కకి నీళ్ళు తాగించాలి, అంటే గాలి ద్వారా. తీగలు వదులు చెయ్యి. పెద్ద ప్లాస్టిక్ కవర్లో గిటార్ పెట్టి, మూతకి చిల్లులు పెట్టిన సబ్బు పెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజీ వేసి పక్కన ఉంచు, చెక్కకి తగలకూడదు, నీటి చుక్క కారకూడదు. లోపల హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచేది) పెట్టి 50, 55 శాతం మధ్య ఉండేట్టు చూసుకో. రెండు మూడు వారాలు పడుతుంది, తొందరపడి 80కి తీసుకెళ్తే ఇంకో కొత్త గొడవ మొదలవుతుంది. పగులు వెంట్రుక వాసి అయ్యాక అప్పుడు బంక.

బంక విషయంలో నా మాట, వేడి చేసి వాడే చర్మపు బంక తీసుకో, ఇక్కడ తమిళ వడ్రంగులు వజ్జిరం అంటారు. నీళ్ళ గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి, మరగనివ్వకూడదు. అది ఆరేకొద్దీ లాక్కుని బిగుస్తుంది, రేపెప్పుడైనా విప్పాల్సొస్తే వేడికీ తడికీ వదులుతుంది. చేతికి అలవాటు లేకపోతే నీ దగ్గరున్న టైట్‌బాండ్ కూడా నడుస్తుంది. పగులు మీద బంక వేసి లోపలి నుంచీ బయటి నుంచీ వేలి మొనతో పైకీ కిందకీ ఆడిస్తే సందులోకి పీల్చుకుంటుంది. తర్వాత లోపల స్ప్రూస్ తునకలు, 2 మిల్లీమీటర్ల మందం, బొటనవేలి గోరంత వెడల్పు, పగులుకి అడ్డంగా మూడు అతికించు. అంచులు పల్చగా చెక్కు, మొద్దుగా వదిలేస్తే రేపు ఆ అంచు దగ్గరే ఇంకో పగులు వస్తుంది. సౌండ్‌హోల్ లోంచి చెయ్యి దూరకపోతే లోపల ఒక అయస్కాంతం, బయట ఒకటి పెడితే క్లాంపు లాగా పట్టుకుంటాయి.

రోజ్‌వుడ్ పగిలిందని మరీ బాధపడకు. 1862లో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ ఒక గిటార్‌కి బ్యాక్, సైడ్స్ కాగితపు అట్టతో చేసి, టాప్ మాత్రం మంచి చెక్క పెట్టాడు. గొంతు టాప్‌దే అని చూపించడానికి చేశాడు, ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. నీ టాప్ బతికి ఉంటే నీ గిటార్ బతికి ఉన్నట్టే.

కేఆర్‌పురం_కాపో (బెంగళూరు):

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాకూ రెండు డౌట్లు. నేను కూడా మొదలుపెడదాం అనుకుంటున్నా, రోజ్‌వుడ్ బదులు పనస వాడితే ఎలా ఉంటుంది? ఇంకోటి, మా అన్న డల్లాస్‌లో ఉంటాడు, చేసిన గిటార్ తనకి పట్టుకెళ్ళాలి, రోజ్‌వుడ్ అయితే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని ఎవరో భయపెట్టారు.

మైలాపూర్_పనసకర్ర:

పనస మీద నాకు పక్షపాతం ఉంది బాబూ, చెప్పేస్తున్నా. మా వైపు గొల్లపల్లిలో చేసే బొబ్బిలి వీణ ఒకే పనస మానులోంచి తొలుస్తారు, కుండ, దండి అన్నీ ఒకటే కర్ర. ఇక్కడ మృదంగాలకి పణ్రుట్టి పనస అంటే కళ్ళకద్దుకుంటారు. గిటార్ బ్యాక్, సైడ్స్‌కి పనస చక్కగా పనికొస్తుంది, రోజ్‌వుడ్ కంటే తేలిక, కొత్తగా కోసినప్పుడు పసుపుగా ఉండి ఏళ్ళు గడిచేకొద్దీ తేనె రంగు తిరుగుతుంది. కాకపోతే వీణ కుండ మందంగా ఉంటుంది, గిటార్‌లో అదే కర్ర 2 మిల్లీమీటర్లకి దించి వేడి గొట్టం మీద వంచాలి, గ్రెయిన్ మెలికలు తిరిగి ఉంటే అక్కడే విరుగుతుంది. తిన్నగా చారలున్న పలకే ఏరుకో. టాప్‌కి మాత్రం పనస వద్దు. అన్ని తీగలు కలిపి 70 కిలోల పైన లాగుతాయి, అంత లాగుడు తట్టుకుంటూనే పలక తేలిగ్గా ఊగాలి, స్ప్రూస్ బరువు తక్కువ, పొడుగు వైపు బిరుసు ఎక్కువ, అందుకే అందరూ దాని దగ్గరికే వెళ్తారు.

హెచ్ఎస్ఆర్_చిత్రిక:

ఎయిర్‌పోర్ట్ సంగతి నేను చెప్తా. 2017 జనవరిలో డాల్బెర్జియా (రోజ్‌వుడ్‌ల) జాతిలో బ్రెజిలియన్ తప్ప మిగతా అన్నిటినీ సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో పెట్టారు, ఆ రెండు మూడేళ్ళు గిటార్లు చేసేవాళ్ళందరికీ నరకమే. 2019 నవంబర్ నుంచి తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు, కాబట్టి ఇండియన్ రోజ్‌వుడ్‌తో పూర్తిగా చేసిన గిటార్ మీ అన్నకి పట్టుకెళ్ళొచ్చు, బిల్లు మాత్రం వెంట పెట్టుకో. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ వేరే కథ, అది 1992 నుంచి మొదటి జాబితాలోనే ఉంది, దాని జోలికి పోవద్దు. ఇంకో మాట, బిల్లు లేకుండా చవగ్గా ఇస్తామనే బీటె (ఇక్కడ కన్నడంలో రోజ్‌వుడ్‌ని అలాగే అంటారు) ఎంత అందంగా ఉన్నా కొనకు, అడవిలో దొంగతనంగా కొట్టిన చెట్టు అయ్యుండొచ్చు. ఆ చెక్కతో చేసిన గిటార్ వాయించబుద్ధి కాదు నాకైతే. ఏ కర్రో అనుమానం ఉంటే మల్లేశ్వరంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది, చిన్న ముక్క ఇస్తే జాతి ఏదో చూసి చెప్తారు.

ఇక ప్రొద్దుటూరు తమ్ముడికి, రెండో సెట్ ఉందన్నావు కదా, దానికి ఇప్పట్నుంచే జాగ్రత్త పడు. ముందు హైగ్రోమీటర్ సరిగా చూపిస్తుందో లేదో చెక్ చెయ్యి. సీసా మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేట్టు నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, హైగ్రోమీటర్‌తో పాటు జిప్ కవర్లో రాత్రంతా ఉంచు, పొద్దున 75 చూపించాలి. నాది 68 చూపించింది, అంటే ఏడు తక్కువ చూపిస్తోంది, అది తెలియక మొదటి రెండు గిటార్లు నేనూ పాడుచేసుకున్నా. తర్వాత పలకలన్నీ గాలి ఆడేట్టు మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి, 45 శాతం ఉన్న గదిలో పెట్టు. వంటింటి తూకం మీద వారం వారం తూచి పలక మీదే పెన్సిల్‌తో రాసుకో. మూడు వారాలు వరసగా బరువు మారకపోతే అప్పుడు బ్రేసులు అతికించు. నేను పాత బట్టల బీరువాలో చిన్న డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ తగ్గించే మిషన్) పెట్టుకున్నా, వానాకాలం పనంతా అందులోనే నడుస్తుంది.

ప్రొద్దుటూరు_తీగలు:

మూడు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా. కవర్లో స్పాంజీతో 18 రోజులు ఉంచా. మొదటి వారం ఏం తేడా లేదు, రోజూ రాత్రి టార్చ్ వేసి చూసేవాణ్ణి. పన్నెండో రోజుకి పగుల్లో కాగితం దూరట్లేదు, పద్దెనిమిదో రోజుకి గోరుతో తడిమితే తప్ప తెలియట్లేదు. ఫ్రెట్ల గుచ్చుడు పోయింది. తీగలు మళ్ళీ బిగించి చూస్తే యాక్షన్ 2.4, ఆరో తీగ బజ్ లేదు. నిన్న ఆదివారం తీగలన్నీ తీసేసి పని పెట్టుకున్నా. నాన్న కూడా బస్సెక్కి వచ్చాడు. ఆయన చర్మపు బంక వాసన చూసి మా తాత ఇదే వాడేవాడు అన్నాడు, నాకిది ఇప్పటిదాకా తెలీదు. స్ప్రూస్ తునకల అంచులు ఆయనే ఉలితో చెక్కాడు, నేను సౌండ్‌హోల్ లోంచి చెయ్యి పెట్టి అతికించా, మూడూ పడ్డాయి, అయస్కాంతాలు ఇంకా తీయలేదు. హైగ్రోమీటర్‌ని ఉప్పుతో చూశా, నాది 71 చూపిస్తోంది. రెండో సెట్ పలకలు పేర్చేశాం, బ్యాక్ పలక ఇవాళ 412 గ్రాములు.

ఒక్కటి అడగాలి, అయస్కాంతాలు ఎప్పుడు తీయొచ్చు, తీగలు ఎప్పుడు వేయొచ్చు?

మైలాపూర్_పనసకర్ర:

చాలా సంతోషం తమ్ముడూ. రేపు సాయంత్రం అయస్కాంతాలు తియ్యి, లోపలిది జారి టాప్ మీద పడకుండా కింద గుడ్డ పరిచి తియ్యి. తీగలకి ఇంకో మూడు రోజులు ఆగు, మొదటి రోజు ఒక స్వరం దించి బిగించు, మర్నాడు పూర్తి శ్రుతికి తీసుకురా. స్పాంజీ మాత్రం జూన్ వానలు పడేదాకా కేసులోనే ఉండనీ. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు, ఆ ఉలి పని దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టు, చూడాలనుంది.