కోతిపుండు బ్రహ్మరాక్షసి: గార్‌ఫీల్డ్ గాయానికి ఈ సామెత అతుకుతుందా?

పలకాబలపం: అమెరికా 20వ అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద వ్యాసంలో ఒక వాక్యం: "డాక్టర్ల చేతిలో ఆయన గాయం కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది, కాల్పుల్లో మృతి చెందాడు." కోతి తన పుండు తానే గోక్కుంటుంది కదా, ఇక్కడ సామెత సరిపోతుందా?

శస్త్రం: సామెతను రెండు రకాలుగా చెబుతారండీ. కోతి తానే గీరుకుని పెద్దది చేసుకోవడం ఒకటి. మందలోని కోతులన్నీ చూడ్డానికొచ్చి తలా ఒకసారి గెలికి పోవడం రెండోది. రెండో అర్థంలో అయితే అచ్చంగా సరిపోతుంది.

1881 జులై 2న వాషింగ్టన్‌లోని బాల్టిమోర్ అండ్ పొటోమాక్ రైల్వే స్టేషన్లో, ఉద్యోగం దక్కలేదన్న కక్షతో చార్లెస్ గిటో రెండుసార్లు కాల్చాడు. ఒక తూటా చేతిని రాసుకుంటూ పోయింది. రెండోది వీపులో కుడివైపు దిగి, నడుము మొదటి వెన్నుపూస గుండా ఎడమకు దూసుకెళ్లి క్లోమం వెనక ఆగింది. వెన్నుపాము తెగలేదు. స్టేషన్లోనే కడగని వేళ్లు, సలాక గాయంలోకి దూర్చి తూటా కోసం వెతికారు. తర్వాత విల్లర్డ్ బ్లిస్ అనే డాక్టరు అజమాయిషీలో వారాల తరబడి అదే పని. గాయాలను కార్బాలిక్ ఆమ్లంతో శుభ్రం చెయ్యాలని బ్రిటన్ శస్త్రవైద్యుడు లిస్టర్ చెప్పి అప్పటికే 14 ఏళ్లు. తూటా ఎడమన ఉంటే, చీము దారి కుడివైపు కిందికి సుమారు 20 అంగుళాలు సాగింది. దాదాపు 95 కిలోల మనిషి 60కి దిగిపోయాడు.

తూటా జాడ పట్టడానికి గ్రాహంబెల్ తీగచుట్టల యంత్రం తెచ్చాడు, లోహం దగ్గరికొస్తే రిసీవర్లో చప్పుడొస్తుంది. పరుపులో ఉక్కు స్ప్రింగులుండి ఆ చప్పుడు గందరగోళమైంది. పైగా బ్లిస్ కుడివైపే వెతకనిచ్చాడు!

పలకాబలపం: డాక్టర్లు "గెలికారు" అని రాస్తే మోటుగా ఉంటుందేమో. "శోధించారు" అంటే?

శస్త్రం: శోధించారంటే ఒక పద్ధతి ఉన్నట్టు వినిపిస్తుంది. గెలికారు అనే ఉంచండి.

చాటువు: నాకైతే ఈ శ్లోకం మేలనిపిస్తోంది.
"వైద్యరాజ నమస్తుభ్యం యమరాజసహోదర,
యమస్తు హరతి ప్రాణాన్ వైద్యః ప్రాణాన్ ధనాని చ."
యముడు ప్రాణమే తీస్తాడు, వైద్యుడు ప్రాణంతోపాటు డబ్బూ పట్టుకుపోతాడు. గార్‌ఫీల్డ్ హైరమ్ కాలేజీలో లాటిన్, గ్రీకు చెప్పిన పంతులు, 1876లో పైథాగరస్ సిద్ధాంతానికి కొత్త నిరూపణ ఇచ్చినవాడు. ఇలాంటి చమత్కారం ఆయనకూ రుచించేది.

శస్త్రం: "ధనాని చ" దగ్గరే చిక్కండీ. బ్లిస్ 25,000 డాలర్లు అడిగితే అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) 6,500 ఇస్తానంది, ఆయన పుచ్చుకోలేదు. ఇక "ప్రాణాన్" సంగతి. నేను కాల్చానంతే, చంపింది డాక్టర్లు అని కోర్టులో గిటో వాదించాడు. జ్యూరీ ఒప్పుకోలేదు, 1882 జూన్ 30న ఉరి తీశారు. శ్లోకం పెడితే వ్యాసం గిటో పక్షాన మాట్లాడినట్టవుతుంది.

శవపరీక్షలో చివరి కారణంగా తేలింది ప్లీహానికి వెళ్లే ధమని చిట్లి లోపల రక్తం కారడం. అది తూటా పోయిన దారి పక్కదే. అందుకని సామెతను పుండు దగ్గరే ఆపండి, చావుదాకా లాగకండి. "కాల్పుల్లో మృతి" కూడా తప్పే. అలా అంటే అక్కడికక్కడే పోయినట్టు. ఆయన పోయింది 79 రోజులకు, సెప్టెంబరు 19న, న్యూజెర్సీలోని ఎల్బెరాన్‌లో.

చాటువు: "అయింది" కూడా మార్చండి. గాయమే సామెత అయిపోయినట్టుంది. "అయినట్టు" పడాలి.

పలకాబలపం: అయితే ఇలా: "తలా ఒకరు గెలికి, కోతిపుండు బ్రహ్మరాక్షసి అయినట్టు గాయాన్ని పెంచారు. తూటా దెబ్బతిన్న 79 రోజులకు, లోపలి ధమని చిట్లి గార్‌ఫీల్డ్ మరణించాడు."

శస్త్రం: "గెలికి" ముందు "కడగని చేతులతో" చేర్చండి. చీము పట్టింది అందుకే.