చలికి పెరటి తొట్టిలో చేపలు చనిపోతున్నాయి

ప్రశ్న (హయత్‌నగర్)

మా పెరట్లో 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న సిమెంటు తొట్టి ఉంది. నాలుగు రోజులుగా చలి విపరీతంగా ఉంది. నిన్న తెల్లవారుజామున నీటిలో థర్మామీటరు పెడితే 13 డిగ్రీలు చూపించింది. ఈ నాలుగు రోజుల్లో మోలీలన్నీ, తొమ్మిది రూప్‌చంద్ చేపలూ చనిపోగా, కోయి, గోల్డ్ ఫిష్ మాత్రం అడుగున కదలకుండా ఉన్నాయి. ఆ రూప్‌చంద్‌లను మా అమ్మాయి వేలెడంత పిల్లలప్పటి నుంచి పెంచింది. మేత ఎప్పటిలాగే రెండు పూటలా వేస్తున్నాం. చావులకు కారణం చలేనా, నీరు పాడైందా? మిగిలినవాటినైనా కాపాడుకోవాలి, దయచేసి చెప్పండి.

జవాబు 1

ఏవి పోయాయో, ఏవి మిగిలాయో చూస్తేనే కారణం చాలావరకు తెలుస్తోందండి. రూప్‌చంద్ దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదుల చేప కాబట్టి నీరు 15 డిగ్రీల కంటే చల్లబడితే బతకడం కష్టం. మోలీలదీ వెచ్చని నీటి స్వభావమే. కోయి, గోల్డ్ ఫిష్ ఆ చలికి మందగిస్తాయే తప్ప చావవు. నీటిలో అమ్మోనియా పెరిగి ఉంటే అవి కూడా ఈపాటికి మొప్పలు ఎగరేస్తూ పైకి వచ్చేవి.

అయితే ఆ ప్రమాదం ఇప్పుడు మొదలవుతుంది. చలిలో చేపకు అరుగుదల తగ్గుతుంది, తినకుండా వదిలిన మేత అడుగున కుళ్లి అమ్మోనియాగా మారుతుంది. అందుకే నీరు మళ్లీ వేడెక్కేవరకు మేత పూర్తిగా ఆపండి. పెద్ద చేపలు వారం, పది రోజులు తినకపోయినా వాటికేమీ కాదు. మీ తొట్టిలో ఉన్నది సుమారు 1,000 లీటర్లే, లోతూ తక్కువే కాబట్టి రాత్రికి నీరంతా చల్లబడిపోతుంది. సాయంత్రం ఎండ పోకముందే టార్పాలిన్ కప్పి, గాలి ఆడేందుకు ఒక మూల వదిలిపెట్టండి.

జవాబు 2

వేడినీళ్లు మాత్రం పోయకండి. రెండేళ్ల క్రితం ఒక బకెట్టు పోసి నేను రెండు కోయిలను పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. బోరు నీరు చలికాలంలో గోరువెచ్చగా ఉంటుంది గనుక, దానిని సన్నని ధారగా, ఎత్తు నుంచి పడేలా వదలండి. భూగర్భ జలంలో ప్రాణవాయువు తక్కువ, పడుతూ గాలి పీల్చుకుంటుంది. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రోజు నిల్వ ఉంచనిదే పోయవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక కోయి తోకపై దూది వంటి తెల్లని పొర కనిపిస్తోంది.

జవాబు 1

అది బూజు తెగులు కావచ్చు, చలికి నీరసించిన చేపలకు త్వరగా పడుతుంది. దానిని వేరే టబ్బులోకి మార్చి, లీటరుకు 2 గ్రాముల చొప్పున అయోడిన్ లేని దొడ్డుప్పును ముందే కరిగించి, రెండు మూడు విడతలుగా కలపండి. టబ్బులో ఎయిర్ పంపు తప్పనిసరి.