నిల్వ ఉంచిన 12 బోర్ తూటాలకు తుప్పు పట్టింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. నాన్నగారి తర్వాత డబుల్ బ్యారెల్ తుపాకి లైసెన్సు నా పేరు మీదకి మారింది. ఆయన కొన్న తూటాలు అట్టపెట్టెల్లోనే బీరువాలో ఉన్నాయి. మొన్న వానలు తగ్గాక తీసి చూస్తే కొన్నింటి అడుగు రేకుకు ఎర్రటి తుప్పు, ఇత్తడి వాటికి పచ్చటి చిలుము. పాత కాగితపు తూటాలైతే చెమ్మకి కాస్త ఉబ్బాయి కూడా. ఉబ్బినవి తుపాకిలో తూటా పెట్టే ఛాంబర్‌లో ఇరుక్కుంటాయి కాబట్టి వాటిని వాడే ఉద్దేశం అసలు లేదు.

నా టెన్షన్ మిగతా వాటి గురించి. పైపైన పొడి గుడ్డతో తుడిస్తే పోయే తుప్పు ఉన్నవి వాడొచ్చా? గుంటలు పడితేనే పక్కన పెట్టాలా? ఊళ్లో ఒకాయన కిరోసిన్ పూసి గరుకు కాగితంతో రుద్దమన్నారు. నాకు భయమేసింది. నూనె, తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లోకి దిగితే తూటా పేలకపోవచ్చు, ఆలస్యంగానూ పేలొచ్చు. మందు బలం చాలక, తూటాలో మందుకీ గుళ్లకీ మధ్య ఉండే బిళ్ల తుపాకి గొట్టంలో ఇరుక్కుంటే తర్వాతి తూటాకి గొట్టమే పగులుతుంది.

పాడైనవాటిని కాలవలో పడేయడం, పాతిపెట్టడం నాకిష్టం లేదు. పిల్లలు తిరిగే చోటు. పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలా, విజయవాడలో లైసెన్సున్న డీలర్ తీసుకుంటారా? లైసెన్సు పుస్తకంలో లెక్క ఎలా రాయిస్తారు? అప్పగించిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

బాగున్నవాటిని గాలి చొరబడని ఇనుప పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో పెడదామనుకుంటున్నా. మన ఉక్కపోతకి అది సరిపోతుందా?