అప్‌డేట్: బడికి పెడతామన్న మంచినీళ్ల ప్లాంటు సంగతి

పోయిన నెల అడిగినాను కదా, కడప జిల్లాలో మా ఊరి పక్క ఫ్యాక్టరీ వాళ్లు బడికి ఆర్వో ప్లాంటు పెడతామని చెప్పి, సిమెంటు దిమ్మె కట్టి వదిలేసినారు, చట్టప్రకారం అడగొచ్చునా అని. జవాబులిచ్చిన అందరికీ దండాలు.

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 చదివినాను. నికర లాభం 5 కోట్లు దాటితే చాలు, గత మూడేండ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాల. చుట్టుపక్కల ఊర్లకు ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది గానీ, ఫలానా ఊరికే ఇవ్వాలని మనం పట్టుబట్టే హక్కు లేదు. ఆ మాట చదివి మనసు చివుక్కుమనింది.

అయితే ఒకరు చెప్పిన సలహా పనిచేసింది. బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల్ని కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టాలంట. వెతికితే మా బడి పేరు అందులోనే ఉంది, 'కొనసాగుతున్న ప్రాజెక్టు' అని! అట్లాంటి పనికి మిగిలిన డబ్బు సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, మూడేండ్లలో ఖర్చు పెట్టాల. లేకుంటే ప్రభుత్వ నిధికి పోతుంది.

ఆ పేజీ ప్రింటు తీసి, హెడ్‌మాస్టర్ సార్ లెటరుతో కలిపి ఇచ్చినాం. పదిరోజులకు మిషను దిగింది.

నిన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక పిల్లోళ్లు స్టీలు గ్లాసులతో వరసలో నిలబడినారు. మూడో తరగతి పాప ఒక గుక్క తాగి, "ఉప్పగా లేవు సార్" అనింది.

ఫిల్టర్లు ఎవరు మార్చాలో రాతపూర్వకంగా అడిగినాం. జవాబు రావాల.